తమ్ముడు జైలు నుంచి పేజీలకు పేజీలు రాస్తున్నాడు, నేనేం జవాబివ్వను?

ప్రశ్న: మాది గుంటూరు. పెళ్లయింది, ఎనిమిదేళ్ల బాబు ఉన్నాడు. ఊళ్లో జరిగిన కొట్లాట కేసులో నా తమ్ముడికి ఏడేళ్ల శిక్ష పడింది. రాజమహేంద్రవరం సెంట్రల్ జైల్లో ఉన్నాడు. హైకోర్టులో అప్పీలు నడుస్తోంది. బయట ఉన్నప్పుడు నాలుగు ముక్కలు రాయనివాడు ఇప్పుడు ఒక్కో ఉత్తరం ఆరేడు పేజీలు రాస్తున్నాడు. వంటశాలలో పని, పొద్దున ఖైదీల లెక్క, చదువు రాని పక్క పరుపు పెద్దాయనకు తనే ఉత్తరాలు రాసిపెట్టడం, రాత్రుళ్లు ఎవరు ఏడ్చారో, అన్నీ ఉంటాయి. కొన్నిచోట్ల వాక్యాలు కొట్టేసి ఉంటాయి. చదివితే రెండ్రోజులు అన్నం సహించదు. 'ధైర్యంగా ఉండు, దేవుడున్నాడు' అని రాసి ఊరుకుంటున్నాను. పోయినసారి 'అక్కా, అసలు చదువుతున్నావా?' అని అడిగాడు. అమ్మకు చదువు రాదు. నాన్న వాడి పేరెత్తనివ్వడు. మావారికి తెలుసు గానీ, అత్తగారికి మాత్రం వాడు దుబాయ్‌లో ఉన్నాడని చెప్పాం. ఇప్పుడు తన రాతలు ఫేస్‌బుక్‌లో పెట్టమంటున్నాడు. ఏం చేయాలో తోచడం లేదు.

జవాబు: అతను మీ దగ్గర ధైర్యం అడగడం లేదమ్మా. తను రాసింది ఎవరైనా చదివారో లేదో తెలుసుకోవాలనుకుంటున్నాడు. 'ధైర్యంగా ఉండు' అన్న మాట ఉత్తరం విప్పకుండానే రాయొచ్చు. ఆ సంగతి అతనికి తెలిసిపోయింది, అందుకే ఆ ప్రశ్న.

ఈసారి జవాబు రాసేముందు అతని ఉత్తరం రెండుసార్లు చదవండి. మొదటిసారి ఏడుపొస్తే ఏడవండి, ఆ రోజు మాత్రం కలం పట్టకండి. మర్నాడు రెండోసారి చదువుతూ, మీకు ఇంకా తెలుసుకోవాలనిపించిన రెండు మూడు చోట్ల పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. జవాబు అక్కణ్నుంచే మొదలుపెట్టండి. ఇలా: 'నీ 14వ తేదీ ఉత్తరం శనివారం అందింది. వంటశాలలో వేశారన్నావు కదా, ఎన్నింటికి లేపుతారు? అంతమందికి ఒకేసారి పప్పు ఎలా ఉడుకుతుంది, అడుగంటదా? ఆ పెద్దాయనకు ఇంటి నుంచి జవాబు వచ్చిందా?' ఈ నాలుగు వాక్యాలు చూస్తే అక్క ప్రతి పేజీ చదివిందని అతనికి తెలుస్తుంది. పైగా వచ్చే ఉత్తరంలో ఏం రాయాలో కూడా దొరుకుతుంది. లోపల ఒకరోజుకీ మరోరోజుకీ తేడా ఉండదు. ఎవరో అడిగారంటేనే మనిషి చుట్టూ మళ్లీ చూడటం మొదలుపెడతాడు.

చదువు రాని మనిషికి ఉత్తరం రాసిపెట్టే పని ఉంది చూడండి, దాన్ని మీరు తేలిగ్గా తీసుకుంటున్నట్టున్నారు. లోపల అతను ఇంకొకరికి అక్కరకొచ్చేది దానివల్లే. దాని గురించి తప్పకుండా అడగండి. అయితే ఆ పెద్దాయన పేరు, ఆయన కేసు వద్దు.

మీ వైపు నుంచి ఏం రాయాలి? చిన్నవే రాయండి. మిర్చి యార్డుకి సరుకు దిగే రోజుల్లో ఆ ఘాటుకి బాబు తుమ్ముతూ బడికెళ్లడం, అమ్మ ఈ ఏడు ఆవకాయకి కాయ ఎక్కడ కొన్నది, వీధిలో ఏ ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ లేపుతున్నారు. శుభకార్యాలు దాచకండి. అతను లేని పెళ్లి గురించి చదివితే బాధే, కానీ ఏడాది తర్వాత ఇంకెవరి నోటో వింటే తనని ఇంట్లోంచి తీసేశారనుకుంటాడు. జబ్బులు, చావులు మాత్రం ఉత్తరంలో చెప్పకండి, ఆ ఉత్తరం ఎప్పుడు చేరుతుందో ఎవరూ చెప్పలేరు. అలాంటిది జరిగితే వెంటనే జైలు సూపరింటెండెంట్‌కి తెలియజేసి, అత్యవసర పెరోల్ గురించి లాయర్ని కదిలించండి.

ఇక పోస్టు సంగతి. కవరు మీద అతని పేరు, తండ్రి పేరు, ఖైదీ నంబరు, దాని కింద కేరాఫ్ సూపరింటెండెంట్, సెంట్రల్ జైలు, రాజమహేంద్రవరం అని పిన్‌కోడ్‌తో సహా ఉండాలి. నంబరు లేకపోతే అదే పేరున్న ఇంకొకరికి పోవచ్చు, లేదా ఆఫీసులోనే పడి ఉండొచ్చు. మామూలు కవరు 20 గ్రాముల వరకే వెళుతుంది. ఏ4 కాగితం ఒకటి దాదాపు 5 గ్రాములు తూగుతుంది, కాబట్టి కవరుతో కలిపి మూడు కాగితాలు దాటితే తూకం వేయించి స్టాంపులు అంటించండి. తక్కువ పడితే ఆ తేడా అందుకునే మనిషి మీద పడుతుంది, లోపలున్నవాడు అది ఎక్కణ్నుంచి కడతాడు? స్టేపుల్ పిన్నులు, టేపు, స్టిక్కర్లు పెట్టకండి, ప్రతి ఉత్తరాన్నీ విప్పి చూస్తారు. బాబు బొమ్మ వేసి ఇస్తే మామూలు కాగితం మీద పెన్సిల్‌తో వేయించండి.

ప్రతి ఉత్తరం పైన నంబరు, తేదీ వేయండి, అతన్నీ వేయమనండి. ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకుంటాయి. మీ మూడోది అందకముందే అతను రెండోదానికి జవాబు రాస్తాడు, మీరేమో మూడోదానికి జవాబు రాలేదని నొచ్చుకుంటారు. సగం అపార్థాలు ఇక్కడే పుడతాయి. నంబరు ఉంటే ఏది పోయిందో తెలుస్తుంది. పోస్టు చేసేముందు మీ ఉత్తరాన్ని ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి. అతనివి కవర్లతో సహా దాచండి, కవరు మీది ముద్రలో తేదీ ఉంటుంది, రేపు దానితో అవసరం పడొచ్చు. లామినేషన్ చేయించకండి, జిరాక్స్ చాలు.

కొట్టేసిన వాక్యాల గురించి మీరు కంగారుపడుతున్నారు. సాధారణంగా సిబ్బంది పేర్లు, తోటి ఖైదీల వివరాలు, గోడలు, గేట్లు, కాపలా వేళలు, కేసు ముచ్చట్లు రాస్తే కొట్టేస్తారు. 'అక్కడేం రాశావు?' అని ఉత్తరంలో అడగకండి, ఈసారి ఉత్తరమే ఆగిపోవచ్చు. మీరు కూడా కేసులో సాక్షుల గురించి, దెబ్బలు తిన్న మనిషి ఇంటివాళ్ల గురించి, ఆ రాత్రి ఎవరేం చేశారన్నదాని గురించి ఒక్క ముక్క రాయకండి. అప్పీలు మాటలు లాయర్ ద్వారానే నడవాలి. లాయర్ పట్టించుకోవడం లేదనిపిస్తే గుంటూరు జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. నిర్బంధంలో ఉన్నవారికి ఉచిత న్యాయసాయం 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం, 12వ సెక్షన్ ఇచ్చిన హక్కు.

ఎప్పుడైనా కొట్టారనో, మందులు ఇవ్వడం లేదనో రాస్తే దాన్ని బాధగా చదివి పక్కన పెట్టకండి. ముందు ములాఖత్‌కి వెళ్లి మనిషిని కళ్లారా చూడండి. తర్వాత సూపరింటెండెంట్‌కి, న్యాయసేవాధికార సంస్థకి రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి. 1979లో తీహార్ జైల్లోని సునీల్ బాత్రా అనే ఖైదీ, తోటి ఖైదీని చిత్రహింస పెట్టారని సుప్రీంకోర్టు జడ్జికి ఉత్తరం రాస్తే, ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని కోర్టు విచారించింది. కాగితం మీద రాసిన మాటకి అంత బలం ఉంది. 'ఇక నా ఉత్తరాల కోసం చూడొద్దు', 'నా వస్తువులు ఫలానావాళ్లకి ఇచ్చేయండి' లాంటి మాటలు కనబడితే మాత్రం జవాబు రాస్తూ కూర్చోకండి. ఆ రోజే జైలుకి ఫోన్ చేసి సూపరింటెండెంట్‌కి చెప్పండి, ఫలానా తేదీ ఉత్తరంలో ఇలా రాశాడని చదివి వినిపించండి. ఆ ఉత్తరాలు మోస్తున్న మీకు కూడా నిద్ర పట్టకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్‌కి, 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

ములాఖత్‌కి ముందే ఆన్‌లైన్‌లో, ఈములాఖత్‌లో నమోదు చేసుకుని, ఆధార్ వెంట తీసుకెళ్లండి. గుంటూరులో సింహాద్రి ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కితే మధ్యలో మారక్కర్లేదు, కానీ ములాఖత్ వేళ దాటిపోకుండా ముందురోజే చేరుకోవడం మంచిది. ఉండే కాస్త సమయం చుట్టూ గోలలోనే గడిచిపోతుంది. అతను ఏడు పేజీల్లో చెప్పేవి అక్కడ చెప్పలేడు, మీరు అడగకండి కూడా. ముఖం చూసుకుని, ఆరోగ్యం అడిగి, 'నీ ఉత్తరాలు నా దగ్గర వరుసగా ఉన్నాయి' అని చెబితే చాలు.

అమ్మకు మీరే చదివి వినిపించండి, ఏదీ దాటేయకుండా. తర్వాత ఆమె ఏమంటే అది అక్షరం మార్చకుండా రాయండి, 'అమ్మ చెబుతోంది' అని మొదలుపెట్టి. మీ భాషలోకి దిద్దకండి, ఆమె మాటతీరు అతనికి కావాలి. నాన్నగారిని బలవంతపెట్టకండి. ఆయన ఇంట్లో ఉన్నప్పుడే అమ్మకు చదవండి, లేచి వెళ్లిపోయినా పర్లేదు. 'నాన్న నిన్ను అడిగాడు' అని మాత్రం అబద్ధం రాయకండి. 'నాన్న ఇంకా మాట్లాడటం లేదు, నేను చదువుతుంటే అరుగు మీదే కూర్చుంటున్నాడు' అని ఉన్నదున్నట్టు రాయండి. అబద్ధం నమ్మి పెరోల్ మీద ఇంటికొచ్చిన రోజు ఏం జరుగుతుందో ఆలోచించండి.

దుబాయ్ కథ ఎక్కువ రోజులు నిలవదు. జైలు ముద్ర ఉన్న ఒక్క కవరు పోస్ట్‌మ్యాన్ అత్తగారి చేతిలో పెడితే అయిపోయింది. మీవారికి తెలుసు కాబట్టి, ఆయనే తన తల్లికి చెప్పాలి, మీరు కాదు. అప్పటిదాకా ఉత్తరాలు పుట్టింటి చిరునామాకి రాయించుకోండి. బాబుకి కూడా 'మామయ్య గొడవలో ఒకరిని కొట్టాడు, కోర్టు శిక్ష వేసింది, జైల్లో ఉన్నాడు, మనకి ఉత్తరాలు రాస్తాడు' అని చెప్పవచ్చు. ఎనిమిదేళ్లవాడు ఈపాటికే ఏదో జరిగిందని కనిపెట్టే ఉంటాడు.

ఫేస్‌బుక్ సంగతి. ఖైదీ రాసినదాన్ని బయటికి రానివ్వకూడదనేమీ లేదు. ముంబైలో ఒక డిటెన్యూ (విచారణ లేకుండా నిర్బంధంలో ఉంచిన మనిషి) జైల్లో రాసిన మరాఠీ సైన్స్ పుస్తకాన్ని అచ్చుకి పంపనివ్వకపోతే, 1965లో సుప్రీంకోర్టు అతని పక్షానే తీర్పిచ్చింది. కానీ మీ తమ్ముడి అప్పీలు ఇంకా తేలలేదు. దెబ్బలు తిన్న మనిషి ఇంటివాళ్లు అదే ఊళ్లో ఉన్నారు, వాళ్లూ ఫేస్‌బుక్ చూస్తారు. జైల్లో తన కష్టాల గురించి అతను రాసింది వాళ్లకి పుండు మీద కారం అవుతుంది. తోటి ఖైదీల ఏడుపులు బయటపెట్టడానికి వాళ్లని ఎవరూ అడగలేదు. మీ పేరుతో పెట్టిన రాతకి కోర్టులో జవాబు చెప్పాల్సి రావచ్చు కూడా.

అందుకని ఇప్పుడే 'లేదు' అనకండి, 'ఇప్పుడు కాదు' అని కారణాలతో రాయండి. అప్పీలు తేలాక ఏ ఉత్తరంలో ఏ భాగం, ఎవరి పేర్లు మార్చి పెట్టాలో అతనే రాసి సంతకం చేసి పంపాలి, లాయర్ చూడాలి. ఈలోగా ఉత్తరాలు కాక, విడిగా నోటుబుక్‌లో రాసుకోమనండి. నోటుబుక్, పెన్ను ఎలా తీసుకోవచ్చో ములాఖత్ కౌంటర్లో అడగండి. మీకు రాసేవి మీకే రాయనివ్వండి, లేకపోతే రేపటి నుంచి అక్కకి రాయడం మానేసి ఊరికి రాయడం మొదలుపెడతాడు.