రంగు కింద పూడిపోతున్న చెక్కడాలు

ప్రశ్న: ఫాంటసీ బోర్డు ఆటల కోసం 28 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ యోధుడి బొమ్మకు రంగులు వేస్తున్నాను. స్ప్రే ప్రైమర్ (రంగు బాగా పట్టడానికి ముందుగా వేసే పూత) గరుకుగా దిగుతోంది. పైన ఆక్రిలిక్ రంగు వేస్తే కవచంలోని చెక్కడాలు పూడిపోతున్నాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున స్ప్రే ప్రైమర్ గరుకుగా దిగడం సహజం, డబ్బాను మరీ దూరంగా పట్టుకున్నా తుంపర దారిలోనే ఆరిపోయి ఇసుకరేణువుల్లా అంటుకుంటుంది. కనుక మీ ఊరి వానాకాలంలో కుంచెతో పూసే ప్రైమరే మేలని నా అభిప్రాయం. రంగును సీసాలోంచి నేరుగా పూయకుండా, నీటితో పాలంత పలచన చేసి, ఒక పూత పూర్తిగా ఆరిన తరువాతే రెండోది వేయండి. మొదటి పూతలో ప్రైమర్ కనబడినా కంగారు పడనక్కరలేదు. ఆపైన ముదురు గోధుమరంగు వాష్ (బాగా పలచని రంగు) పూస్తే అది గుంతల్లోకి దిగి నీడగా నిలుస్తుంది. తరువాత, రంగును దాదాపు పూర్తిగా తుడిచేసిన పొడి కుంచెతో లేత వెండిరంగును తేలికగా రుద్దితే గొలుసు కవచంలోని ఒక్కొక్క కడియమూ విడిగా మెరుస్తుంది. ఈ పనిలో నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం ఇదే. పూడిపోయిన బొమ్మను మాత్రం పారేయకండి. గట్టి ప్లాస్టిక్ బొమ్మయితే, గాలి ఆడే చోట, మంటకు దూరంగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కాసేపు నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే ఆక్రిలిక్ రంగు చాలావరకు వదిలిపోతుంది.