టెక్ సందేహాలు: పాఠశాలకు ఏఐ కార్యక్రమాన్ని ఎంచుకునే ముందు

ప్రశ్న: మా పాఠశాల కమిటీ ముందుకు మూడు సంస్థలు 'డిజిటల్ అక్షరాస్యత, ఏఐ సన్నద్ధత' కార్యక్రమాలతో వచ్చాయి. మూడూ డ్యాష్‌బోర్డ్ చూపిస్తున్నాయి, మూడూ పిల్లలకు సర్టిఫికెట్లు ఇస్తామంటున్నాయి. ఏది మంచిదో తేల్చుకోవడం ఎలా?

జవాబు: ఉపాధ్యాయుల నుంచీ తల్లిదండ్రుల నుంచీ ఇదే ప్రశ్న పదేపదే వస్తోంది, దాదాపు అందరూ డ్యాష్‌బోర్డ్‌తోనే మొదలుపెడుతున్నారు. అందులో కనిపించేది ఎందరు లాగిన్ అయ్యారు, ఎన్ని వీడియోలు చివరిదాకా నడిచాయి అన్నది మాత్రమే. 'ఏఐ వాడటంలో నాకు ఆత్మవిశ్వాసం పెరిగింది' అన్న వాక్యం పక్కన పిల్లలు పెట్టిన టిక్కులను ఫలితాలుగా చూపే నివేదికలను పక్కన పెట్టేయండి.

తెరను చులాగ్గా వాడటానికీ, తెరపై ఉన్నదాన్ని తూచి చూడటానికీ సంబంధం లేదు. 2016లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు మాధ్యమిక స్థాయి విద్యార్థులను పరీక్షించినప్పుడు, 'స్పాన్సర్డ్ కంటెంట్' అని స్పష్టంగా రాసి ఉన్న ప్రకటనను 80 శాతానికి పైగా పిల్లలు వార్తే అనుకున్నారు. ఐఈఏ అనే అంతర్జాతీయ సంస్థ 2013 నుంచి ఐదేళ్లకోసారి 8వ తరగతి విద్యార్థులకు నిర్వహిస్తున్న, కంప్యూటర్‌నూ సమాచారాన్నీ వాడే నైపుణ్యాన్ని కొలిచే ఐసీఐఎల్‌ఎస్ అధ్యయనంలో పిల్లలు కంప్యూటర్ మీద పని చేసి చూపించాలి. మీరూ అలాంటిదే అడగండి. ఒక చారిత్రక విషయంపై చాట్‌బాట్ చేత మూడు పేరాలు రాయించి, ఒక సంవత్సరాన్ని మార్చి, అసలు లేని ఒక పుస్తకాన్ని ఆధారంగా చేర్చి పిల్లలకు ఇవ్వండి. ఆ పుస్తకం ఉందో లేదో వెతకడానికి ఎందరు మరో ట్యాబ్ తెరిచారో గమనించండి. కార్యక్రమానికి ముందొకసారి, ముగిసిన మూడు నెలలకు వేరే అంశంతో మరోసారి ఈ పరీక్ష పెట్టండి. కార్యక్రమంలో లేని సెక్షన్‌కు కూడా పెడితే, వయసుతో వచ్చిన తెలివి ఎంతో, పాఠం నేర్పింది ఎంతో విడివిడిగా తెలుస్తుంది.

నన్ను అన్నిటికంటే కలవరపెడుతున్నది పిల్లల వివరాల సంగతి. చాలా కార్యక్రమాలు మొదటి రోజే తరగతి మొత్తం పేర్లు, పుట్టిన తేదీలు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు, ఫొటోలు ఒక ఎక్సెల్ షీటులో పంపమంటాయి. తర్వాత రోల్ నంబరే యూజర్ నేమ్, పుట్టిన తేదీయే పాస్‌వర్డ్. పక్క బెంచీలో కూర్చునే ఎవరైనా ఆ ఖాతా తెరవగలరు. భద్రత నేర్పవలసిన కార్యక్రమమే పిల్లలకు తొలి అలవాటుగా దీన్ని నేర్పడం క్షమించరానిది. 2024 డిసెంబరులో ఉత్తర అమెరికాలో వేలాది పాఠశాలల విద్యార్థుల సమాచారం ఉన్న ఒక వ్యవస్థలోకి చొరబాటుదారులు ప్రవేశించింది దొంగిలించిన లాగిన్ వివరాలతోనే. ఆ వ్యవస్థను నడిపే సంస్థ చొరబాటుదారులకు డబ్బు చెల్లించింది, అయినా మరుసటి ఏడాది పాఠశాలలకు నేరుగా బెదిరింపులు వచ్చాయి. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, పుట్టిన తేదీని మార్చుకోలేము. 2022లో హ్యూమన్ రైట్స్ వాచ్ అనే మానవ హక్కుల సంస్థ 49 దేశాల్లో 160కి పైగా విద్యా సాంకేతిక ఉత్పత్తులను పరిశీలించి, వాటిలో 89 శాతం పిల్లల హక్కులకు ముప్పు కలిగించేలా సమాచారాన్ని వాడుతున్నట్టు నివేదించింది. అందువల్ల ఏ వివరాలు తీసుకుంటారు, అవి ఎవరికి కనిపిస్తాయి, పిల్లల రాతలతో ఏఐ నమూనాలకు శిక్షణ ఇస్తారా, ఒప్పందం ముగిశాక ఏ తేదీలోగా అన్నీ తొలగిస్తారు అన్నవి ముందే రాతపూర్వకంగా తీసుకోండి. ఉపాధ్యాయుల, నిర్వాహకుల ఖాతాలకు రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కు వచ్చే కోడ్ లాంటి రెండో రుజువు) లేని కార్యక్రమం గురించి చర్చే అనవసరం. 13 ఏళ్లలోపు పిల్లలతో చాట్‌బాట్ ఖాతాలు తెరిపించే సంస్థకు, తరగతి గదిలో ఏఐ సంభాషణ సాధనాల వాడకానికి కనీస వయసు 13 ఏళ్లు ఉండాలన్న యునెస్కో 2023 మార్గదర్శకాలను చూపించండి.

మరొక విషయం మీరు అడగకపోయినా చెప్పాలి. మీరు పరిశీలించి ఒప్పుకున్న అప్లికేషన్ ఏడాది పొడవునా అదే రూపంలో ఉండదు. ఒక అప్‌డేట్‌తో చాట్‌బాట్ బటన్ తనంతట తానే ప్రతి విద్యార్థి తెరపైకి వస్తుంది. ఆపే సెట్టింగు నిర్వాహకుడి పేజీలో ఎక్కడో నాలుగు మెనూల లోపల ఉంటుంది. పిల్లల సాధనాల్లో కొత్త సదుపాయాన్ని అడగకుండా ఆన్ చేసి పంపడం తయారీదారుల బాధ్యతారాహిత్యమే. అలాంటి మార్పు వస్తే ముందే తెలియజేయాలనీ, పాఠశాల అనుమతించే వరకు అది ఆఫ్‌లోనే ఉండాలనీ ఒప్పందంలో రాయించండి. దీనికి ఒప్పుకోని సంస్థను జాబితాలోంచి తీసేసి, మిగిలినవాటికే పైన చెప్పిన పరీక్ష పెట్టండి. ప్రశ్నపత్రం మాత్రం మీ ఉపాధ్యాయులే తయారు చేయాలి.