మజత్లాన్‌కు రెండోసారి వెళ్తున్నారా?

ప్రశ్న: కొన్నేళ్ల కిందట కాలిఫోర్నియాలో అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు మెక్సికోలోని మజత్లాన్ చూసొచ్చాం. పాత ఊళ్లో తిన్న రొయ్యలు, అక్కడి థియేటర్ ఇంకా కళ్ల ముందే ఉన్నాయి. వచ్చే జనవరిలో మళ్లీ వెళ్తున్నాం, మూడు రోజులే. అప్పటి హోటళ్లు, కట్టడాలు తిరిగి చూడాలంటే ఎలా పెట్టుకోవాలి? తిన్న వంటకాల పేర్లు కూడా గుర్తులేవు. *– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ*

జవాబు: బస పాత ఊళ్లోనే తీసుకోండి. పెద్ద పెద్ద రిసార్టులున్న జోనా దొరాదా ఉత్తరాన ఎక్కడో ఉంది. అక్కడ దిగితే రోజూ రానూపోనూ ప్రయాణంతోనే సరిపోతుంది. ప్లాసా మచాదో అనే కూడలి, థియేటర్, కెథెడ్రల్, పినో సువారెస్ మార్కెట్ అన్నీ పాత ఊళ్లో నడిచి చూసేంత దగ్గర్లో ఉంటాయి.

రెండోసారి వెళ్లేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది వేళల దగ్గరే. మనకు విశాఖలో చేపలూ రొయ్యలూ అంటే రాత్రి కుటుంబమంతా కలిసి వెళ్లే భోజనం. అక్కడ సముద్రపు తిండికే ప్రత్యేకమైన హోటళ్లను మారిస్కెరియా అంటారు. అవి పగటి పూటవి. చాలావాటికి సాయంత్రం ఐదారింటికల్లా తలుపులు పడిపోతాయి. అందుకని ముఖ్యమైన భోజనం మధ్యాహ్నం ఒంటిగంట, రెండు గంటల మధ్య పెట్టుకోండి. ప్లాసా మచాదో చుట్టూ ఉన్న హోటళ్లు మాత్రం రాత్రికే కళకళలాడతాయి.

పాత హోటల్ పేరు అలాగే ఉన్నా వంటవాడు, యజమాని మారి ఉండొచ్చు. మ్యాప్‌లో గత రెండు మూడు నెలల్లో జనం పెట్టిన ఫొటోలు మాత్రమే చూడండి, పాత పొగడ్తలు లెక్కలోకి రావు. ఇక వంటకం పేరు తెలిస్తే ఏ హోటల్లోనైనా అడిగి తెప్పించుకోవచ్చు, కాబట్టి ఇలా పోల్చుకోండి. మడిచిన రొట్టెలో రొయ్యలు, కరిగి సాగే చీజు, మిరప ముక్కలు ఉంటే అది తాకో గోబెర్నదోర్. మజత్లాన్ ఉన్న సినలోవా రాష్ట్ర గవర్నరు కోసం ఈ ఊళ్లోని లాస్ ఆర్కోస్ రెస్టారెంట్లోనే పుట్టిందని చెబుతారు. పెద్ద చేపను వీపు వైపు నుంచి చీల్చి, పుస్తకంలా తెరిచి, మసాలా పట్టించి, నిప్పుల మీద రెండు జాలీల మధ్య బిగించి కాల్చింది సరందేయాదో. ఇద్దరు ముగ్గురికి ఒక చేప సరిపోతుంది. కాల్చడానికి సమయం పడుతుంది కాబట్టి కూర్చోగానే చెప్పేయండి.

పుల్లగా, కారంగా, పచ్చటి రసంలో తేలుతున్న రొయ్యలైతే అది అగ్వాచిలె. రొయ్యను వెన్ను మీద చీల్చి పళ్లెంలో పరుస్తారు. నిమ్మరసంలో పచ్చిమిర్చి, ఉప్పు నూరి వడ్డించేముందే పోస్తారు. పైన కీరా, ఎర్ర ఉల్లిపాయ చీలికలు. పోసిన కాసేపటికి రొయ్య అంచులు తెల్లబడతాయి, నడుమ మాత్రం ఇంకా గాజులా మెరుస్తుంటుంది. దాన్ని ఆ దశలోనే తినాలి. కబుర్లలో పడి అలాగే వదిలేస్తే లోపలిదాకా పులుపు పట్టి రబ్బరులా సాగుతుంది. ఒక్క మాట గట్టిగా చెబుతున్నాం: నిమ్మరసం రొయ్య రంగు మారుస్తుంది గానీ క్రిములన్నిటినీ చంపదు. పెద్ద వయసువాళ్లు, గర్భిణులు, కాలేయ సమస్య ఉన్నవాళ్లు దీని జోలికి పోవద్దు. ‘కొసీదో’ అంటే ఉడికించింది. ఆ మాట చెప్పి ఉడికించిన రొయ్యలతో చేయించుకోండి.

కట్టడాలకు పొద్దుటి పూట మంచిది. మన ఆర్కే బీచ్‌లో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, అక్కడ సముద్రంలోకి దిగుతాడు. అది చూడాలంటే జనవరిలో సాయంత్రం ఐదు దాటాక ఓలాస్ ఆల్తాస్ అనే సముద్రపు గట్టు మీద ఉంటే చాలు.

ప్రశ్న: ఆ థియేటర్ కథ ఏమిటి? లోపలికి వెళ్లనిస్తారా? *– సీతమ్మధార పాఠకుడు*

జవాబు: 1874లో తెరిచినప్పుడు దాని పేరు తెయాత్రో రూబియో. 1883 ఆగస్టులో మెక్సికో మేటి ఒపేరా గాయని ఆంహెలా పెరాల్తా తన బృందంతో ఓడలో ఈ ఊరికి వచ్చారు. అప్పుడే ఊళ్లో పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) పాకింది. ఆమెతో పాటు బృందంలో చాలామంది ప్రాణాలు పోయాయి. ఆమెకు 38 ఏళ్లు. థియేటర్‌కు ఆ తర్వాత ఆమె పేరే పెట్టారు. కొన్నాళ్లు సినిమా హాలుగా నడిచి, మూతపడి, 1975 తుపానుకు పాడై, లోపల చెట్లు మొలిచిన ఆ భవనాన్ని బాగుచేసి 1992లో మళ్లీ తెరిచారు. కూలగొట్టడం తేలికైన రోజుల్లో ఊరివాళ్లు దాన్ని నిలబెట్టుకున్నారు. మన వన్‌టౌన్ పాత భవనాలను చూసిన ఎవరికైనా ఆ పని విలువ తెలుస్తుంది.

రిహార్సల్ లేని పగటి వేళల్లో చిన్న టికెట్టుతో లోపలికి పంపుతారు. మూడంతస్తుల బాల్కనీలు కింద నుంచి చూస్తే సగమే తెలుస్తాయి, పైకి ఎక్కి వేదిక వైపు చూడండి. సాయంత్రం ప్రదర్శన ఉంటే దానికే టికెట్టు కొనండి, అంతకు మించి కావలసింది లేదు.

కెథెడ్రల్ పని 1856లో మొదలై 1899లో పూర్తయింది. ప్రార్థన జరుగుతుంటే వెనక నిలబడండి, ఫొటోలు వద్దు. మార్కెట్ ఇనుప కట్టడం, 1900 నాటిది. పైఅంతస్తులో చిన్న భోజనశాలలు ఉన్నాయి, ధరలూ తక్కువే.

ప్రశ్న: మేం శాకాహారులం. ఏం తినొచ్చు? *– గాజువాక*

జవాబు: ‘సిన్ కార్నె’ (మాంసం లేకుండా) అంటే సరిపోదు. చాలామందికి కోడి, చేప ఆ మాటలోకి రావు. ‘సిన్ పోయో, సిన్ పెస్కాదో’ కూడా కలపండి. చిక్కుడు గింజల ముద్దలో పంది కొవ్వు పడుతుంది, దాన్ని మంతేకా అంటారు. అన్నం తరచు కోడి రసంలో వండుతారు. సినలోవాలో ఇష్టపడే గోధుమ రొట్టెల్లోనూ ఆ కొవ్వు ఉండొచ్చు, కాబట్టి మొక్కజొన్న రొట్టె అడగండి. గుమ్మడిపూల కెసదియా (చీజు పెట్టి మడిచి కాల్చిన రొట్టె), బ్రహ్మజెముడు ఆకుల కూర, కారం నిమ్మ చల్లిన మామిడి, మొక్కజొన్న గింజలతో పొట్ట నిండుతుంది.

ప్రశ్న: మనకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. అక్కడా ఉంటుందా? *– ఫిషింగ్ హార్బర్ దగ్గరి పాఠకుడు*

జవాబు: ఉంటుంది. దాన్ని వేదా అంటారు. సముద్రపు రొయ్యలకు సుమారుగా మార్చి నుంచి సెప్టెంబరు దాకా, తేదీలు ఏటా ప్రకటిస్తారు. ఆ నెలల్లో పళ్లెంలోకి వచ్చేది చెరువు రొయ్య, లేదా ఐసులో దాచింది. జనవరి ప్రయాణానికి ఆ బెంగ లేదు.

ప్రశ్న: వీసా, ఖర్చు, భద్రత? *– మధురవాడ*

జవాబు: చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే భారతీయులకు మెక్సికో వీసా అక్కర్లేదు. అయితే అది తిరిగి అమెరికాలోకి రావడానికి కూడా పనికొచ్చే మల్టిపుల్ ఎంట్రీ అయి ఉండాలి. చిన్న పెసో నోట్లు దగ్గర పెట్టుకోండి. పుల్మోనియా అనే పక్కలు తెరిచి ఉండే టాక్సీ ఎక్కేముందే ధర మాట్లాడుకోవాలి, మీటరు ఉండదు. హోటల్లో మీరు అడిగేదాకా బిల్లు తేరు. అది అక్కడి మర్యాద, నిర్లక్ష్యం కాదు. ‘లా క్వెంతా, పోర్ ఫవోర్’ అంటే తెస్తారు. టిప్పు పది నుంచి పదిహేను శాతం. సినలోవా రాష్ట్రం మీద అమెరికా విదేశాంగ శాఖ చాలాకాలంగా గట్టి హెచ్చరిక పెట్టింది. టికెట్టు కొనేముందు తాజా ప్రకటన చదవండి, మీ ట్రావెల్ ఇన్సూరెన్స్ ఆ ప్రాంతానికి వర్తిస్తుందో లేదో పాలసీ కాగితంలో చూడండి. విమానంలోనే వెళ్లి రండి, రాత్రిపూట రోడ్డు ప్రయాణం పెట్టుకోకండి.