ఆ చేతిరాత ఆయనది కాదమ్మా

అమ్మాయీ,

ఇంగ్లండులో బూట్లు కుట్టి బతికిన మీ అత్తవారి పెద్దాయన గురించి నువ్వు రాసి పంపిన అధ్యాయం నిన్న రాత్రి ముగించాను. జవాబు తీరిగ్గా రాద్దామనుకున్నాను గానీ, అందులో నువ్వు పెట్టుకున్న కన్నీళ్ళు నన్ను పడుకోనివ్వలేదు. 1861 జనాభా లెక్కల పేజీని కంప్యూటర్ తెర మీద చూస్తూ, "ఇది ఆయన చేతిరాత. ఇన్నేళ్ళు దాటి వచ్చి ఆ వేళ్ళు నన్ను తాకాయి" అని రాశావు. పప్పులో కాలేశావు. ఆ చేతిరాత మీ అత్తవారి పెద్దాయనది కాదు.

ఇంగ్లండులో అప్పటి పద్ధతి ఇది. లెక్కల రోజుకి ముందే ఇంటింటికీ ఒక ఫారం ఇచ్చేవాళ్ళు. ఆదివారం రాత్రి ఇంట్లో ఎవరెవరు ఉన్నారో ఇంటి యజమాని అందులో రాయాలి. రాయడం రాకపోతే, మర్నాడు ఫారం కోసం వచ్చిన ఎన్యూమరేటరే, అంటే లెక్కలు తీసే గుమాస్తానే, అడిగి రాసుకునేవాడు. ఆ తర్వాత అతను ఫారాలన్నీ ముందు పెట్టుకుని తన పుస్తకంలోకి ఎత్తి రాసేవాడు. 1841 నుంచి 1901 దాకా ఇవాళ మనం చూస్తున్నవి ఆ పుస్తకాలే. ఇంటివాళ్ళు నింపిన ఫారాలు ఉంచలేదు. ఇంటి యజమాని సొంత అక్షరాలు కావాలంటే 1911 లెక్కల దాకా రావాలి. కాబట్టి నువ్వు ఏడ్చింది వీధులు తిరిగి కాళ్ళు పీకిన ఒక గుమాస్తా అక్షరాలు చూసి. అతని కోసమూ ఎవరో ఒకరు ఏడవాలి కదా, సరేలే.

ఆయన పెళ్ళి సర్టిఫికెట్ సంగతీ అంతే. పుట్టుకలూ పెళ్ళిళ్ళూ నమోదు చేసే జనరల్ రిజిస్టర్ ఆఫీసు నుంచి నీకు పోస్టులో వచ్చింది నకలుకి నకలు. అసలు సంతకాలు చర్చి రిజిస్టరులో ఉంటాయి. అలాంటి పాత రిజిస్టర్లు చాలా వరకు జిల్లా ఆర్కైవ్స్‌కి చేరాయి. మీరుండేది పెద్దాయన ఊరు నార్తాంప్టన్‌కి గంట దూరంలోనే అన్నావు. వెళ్ళి చూడు. పెళ్ళికూతురు తన పేరు రాసిందని, పెళ్ళికొడుకు కత్తిరి గుర్తు పెట్టాడని అరవాక్యంలో చెప్పి దాటేశావే, మొత్తం అధ్యాయంలో నాకు నచ్చింది ఆ అరవాక్యం. దాన్ని ఎక్కడా పెంచకు, అలాగే ఉండనీ.

ఇంకొకటి. 1841లో వయసు 15, 1851లో 29 అని ఉంటే, ఆయన వయసు దాచాడని, వెనక ఏదో కథ ఉందని రెండు పేజీల సస్పెన్స్ నడిపావు. కథా లేదు, కాకరకాయా లేదు. 1841లో పదిహేను దాటినవాళ్ళ వయసుని ఐదేళ్ళ లెక్కన కిందికి తగ్గించి రాయమని ఎన్యూమరేటర్లకి చెప్పారు. పంతొమ్మిదేళ్ళ కుర్రాడు పుస్తకంలోకి ఎక్కేసరికి పదిహేనేళ్ళవాడయ్యాడు. ఆ రెండు పేజీలు కొట్టెయ్.

కాగితాల మీద ఈ ముసలాడికి ఇంత పట్టింపేమిటి అనుకుంటావేమో. కథకుడిగా నా పేరు నలుగురికీ తెలియకముందు నేను సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుట దస్తావేజులు రాసి బతికాను. "ఫలానా గ్రామ కాపురస్తుడు, వయస్సు సుమారు 45 సంవత్సరములు, వృత్తి వ్యవసాయం" అని చెయ్యి దానంతటదే పోయేది. సెంటు భూమి లేని కుమ్మరికీ వ్యవసాయమే, కంసాలికీ వ్యవసాయమే. ఎవరూ అభ్యంతరం చెప్పేవాళ్ళు కారు. ఒకసారి పెడన నుంచి ఒక పెద్దాయన ఇల్లు అమ్మడానికి వచ్చాడు. చదివి వినిపిస్తుంటే వృత్తి దగ్గర ఆపి, "వ్యవసాయం కాదండీ, అద్దకం. అద్దకం అని రాయండి" అన్నాడు. స్టాంపు కాగితం పాడవుతుందన్నాను. మళ్ళీ కొనుక్కొస్తానన్నాడు, కొనుక్కొచ్చాడు. చేతిలో డబ్బు లేకే ఇల్లు అమ్ముకుంటున్న మనిషి!

ఆయన వెంటపడి వాళ్ళ ఊరు వెళ్ళాను. బట్టని కరక్కాయ రసంలో, పాలలో నానబెట్టడం, ఎండెయ్యడం, అచ్చు కొట్టడం, రంగు దిగడానికి ఉడకబెట్టడం, కాలవలో పారే నీళ్ళలో జాడించడం, అన్నీ చూశాను. ఒక కథ రాశాను. అందులో సగం ఆ పనే ఉంది. అప్పట్లో బాగా అమ్ముడుపోయే ఒక వారపత్రిక ఎడిటర్‌గారు ఆ సగం తీసేసి, అద్దకం పెద్దాయనకి కూతురుని కల్పించి, ఆ కూతురికి కట్నం సమస్య కల్పించి అచ్చేశారు. "ఎమోషన్ తగ్గిందండీ, రీడర్ ఫీలవ్వాలి" అన్నారు. రీడర్ ఫీలయ్యాడో లేదో నాకు తెలీదు. పెద్దాయన మాత్రం పత్రిక తెప్పించుకుని చదివించుకుని, "నాకు కూతుళ్ళు లేరు కదండీ" అన్నాడు. ఆ ఎడిటర్‌గారికి తర్వాత సన్మానాలు జరిగాయి. పోనీ.

అప్పటి నుంచీ ఒకే మాట పట్టుకుని కూర్చున్నాను, నీకూ అదే చెబుతున్నాను. పనివాడి గురించి రాస్తూ ఆయన పని తెలియకపోతే ఆయన ఏ సంగతీ మనకి తెలియదు. కిటికీలోంచి వాన చూస్తూ నిట్టూర్చిన మనిషి ఎవరైనా కావచ్చు. నీ అధ్యాయంలో మీ పెద్దాయన ఎన్నిసార్లు కిటికీ దగ్గర నిలబడ్డాడో లెక్క పెట్టుకో. బూట్లు కుట్టి పొట్ట పోసుకునేవాడికి అంత తీరిక ఎక్కడిది?

ఆయన చేసిన పని గురించి నువ్వు రాసింది ఒకే వాక్యం: "జీవితాంతం బూట్లు కుడుతూనే గడిపాడు." అమ్మాయీ, నువ్వే జతచేసిన పేజీలు నువ్వు చదివావా? 1851లో వృత్తి గడిలో 'కార్డ్‌వైనర్' అని ఉంది, అంటే బూట్లు కుట్టేవాడే. 1861లో 'షూ మేకర్'. 1871లో 'రివెటర్'. జీవితాంతం కుట్టలేదమ్మా. 1871 నాటికి ఆయన కుట్టడం మానేసి మేకులు కొడుతున్నాడు.

అదేమంత తేడా అంటావేమో. చేత్తో కుట్టేవాడు పొట్టి పీట మీద వంగి కూర్చుంటాడు. మోకాలి మీద చదునైన రాయి పెట్టుకుని అట్ట తోలుని సుత్తితో కొడతాడు. బూటుని తొడ మీద పెట్టి, కదలకుండా దాని మీదుగా తోలు పట్టీ వేసి, ఆ పట్టీని పాదంతో తొక్కి పట్టుకుంటాడు. ఆరెతో బెజ్జం చేసి, మైనం పట్టించిన దారాన్ని రెండువైపుల నుంచీ లాగుతాడు. దారం కొసన సూది ఉండదు, పంది వెంట్రుక ఉంటుంది. ఇక రివెటర్ నిలబడి పనిచేస్తాడు. అడుగున ఇనప రేకున్న అచ్చుకి బూటు తొడిగి, గుప్పెడు మేకులు నోట్లో పోసుకుని, ఒక్కొక్కటే పెదాల మీదికి తెచ్చుకుంటూ దిగ్గొడతాడు. మొన ఇనుముకి తగిలి లోపల మడుచుకుంటుంది. నలభై ఏళ్ళు వచ్చేదాకా కూర్చుని కుట్టిన మనిషి, ఆ తర్వాత నిలబడి నోట్లో మేకులు పెట్టుకుని బతకడం నేర్చుకున్నాడు. నువ్వు కన్నీళ్ళు పెట్టుకోవాల్సింది ఇక్కడ.

మధ్యలో ఏం జరిగిందో చూద్దాం. బూట్ల పై భాగాలు కుట్టే మిషన్లు 1850ల చివర్లో నార్తాంప్టన్‌కి వచ్చాయి. 1857 నుంచి 1859 దాకా వాటి మీద పెద్ద గొడవ జరిగింది, సమ్మె జరిగింది. పనివాళ్ళు ఓడిపోయారు. చాలామంది ఊరు వదిలి వెళ్ళారు. ఇప్పుడు నీ 1861 పేజీ మళ్ళీ తీసి, పుట్టిన ఊరు గడి చూడు. పెద్ద పిల్ల నార్తాంప్టన్, చంటాడు నార్తాంప్టన్, మధ్యలో రెండేళ్ళ పిల్లాడు మాత్రం లెస్టర్. నువ్వు దీనికి "కొత్త ఊరు, కొత్త ఆశలు" అని ఒక ముక్క రాసి దులిపేసుకున్నావు. రెండేళ్ళ పిల్లాడంటే పుట్టింది 1858లోనో 1859లోనో. సమ్మె రోజులు. పైగా లెస్టర్ అంటే ఏ ఊరు? అడుగులకి మేకులు కొట్టి బూట్లు చేసే పద్ధతికి థామస్ క్రిక్ అనే ఆయన 1853లో పేటెంట్ తీసుకున్నది ఆ ఊళ్ళోనే. ఆ ఊరి బూట్ల వ్యాపారం లేచింది ఆ పద్ధతి మీదే.

ఆయన సమ్మె చేశాడని నేను అనడం లేదు. మిషన్లకి వ్యతిరేకంగా ఊరు వదిలినవాడు, పోయిన చోట మరో కొత్త పద్ధతి నేర్చుకుని తిరిగొచ్చాడని కూడా తేల్చి చెప్పను. కానీ అలా అనుకోవడానికి నీ బల్ల మీద కాగితాలున్నాయి. కిటికీకీ వానకీ ఏ కాగితముంది? నార్తాంప్టన్ మెర్క్యురీ 1720 నుంచీ నడిచిన పత్రిక. ఆ మూడేళ్ళ సంచికలు తిరగెయ్. ఎవరు ఏ సభలో ఏం మాట్లాడారో దొరుకుతుంది, ఆయన పేరు దొరక్కపోయినా సరే. ఆ ఊరి మ్యూజియంలో బూట్లకి పెద్ద విభాగమే ఉంది. కుట్టిన అడుగునీ మేకులు కొట్టిన అడుగునీ పక్కపక్కన పెట్టుకుని చూసి రా.

మరి ఆయన భార్య? పేరు రాయడం వచ్చిన ఆవిడ వృత్తి గడి 1861లో ఖాళీగా ఉంటే "గృహిణి" అని రాసేశావు. ఆ ఊళ్ళో పై భాగాలు కుట్టే పని ఎక్కువగా ఇళ్ళలో ఆడవాళ్ళూ పిల్లలూ చేసేవాళ్ళు. 1851 లెక్కల పట్టికల్లో 'షూ మేకర్ భార్య' అని ఒక వర్గమే పెట్టారు, అంటే సర్కారుకి కూడా తెలుసు. మిషన్లు వచ్చి ముందు లాక్కున్నది అలాంటి ఆవిడల చేతిలోని సూదినే. ఖాళీ గడి చూసి ఊరుకోకు. మా బల్ల దగ్గర వేలిముద్ర వేసి వెళ్ళిన ఆడవాళ్ళకి నేను వృత్తి గడిలో ఏం రాసేవాణ్ణో నాకు తెలుసు.

మన వైపు చెప్పులు కుట్టేవాళ్ళతో పోలిక తెచ్చి ఒక పేరాలో ముగించావు. తీసెయ్. అక్కడ బూట్లు కుట్టేవాళ్ళకి ఓట్లొచ్చి, 1880లో ఛార్లెస్ బ్రాడ్లా అనే నాస్తికుణ్ణి పార్లమెంటుకి పంపడంలో వాళ్ళ చెయ్యి ఉంది. ఇక్కడ అదే తోలు పని చేసినవాళ్ళని ఊరి బావి దగ్గరికి రానివ్వలేదు. ఇది ఒక పేరాలో పట్టే విషయం కాదు, తెలిసినవాళ్ళు రాయాల్సింది. తెలుగు నేలతో సంబంధం కావాలని అంత ఉబలాటంగా ఉంటే తోలు వెంట వెళ్ళు. మద్రాసు ప్రెసిడెన్సీలో తంగేడు చెక్కతో పదును చేసిన తోళ్ళు ఓడలెక్కి లండన్ వెళ్ళేవి. అక్కడి బూట్ల పరిశ్రమ వాటిని వాడింది. బతుకమ్మలో పేర్చే తంగేడే. నీ పెద్దాయన బూటులో అది ఉందని మాత్రం రాయకు, దానికి కాగితం లేదు.

మొదటి పేజీలో వంశవృక్షం బొమ్మ ఎందుకు వేశావు? ఈ మధ్య ప్రతి నవలకీ అదొక ఫ్యాషన్ అయింది. పదిహేడు పేర్లు గుర్తుపెట్టుకుంటే గానీ రెండో పేజీకి పోనివ్వరు. ఉమ్మి పంపి చేయించిన డీఎన్ఏ టెస్ట్ ఫలితం కూడా అందులో ఇరికించావు, ఫలానా దేశం ఇంత శాతం అని. ఆ శాతాలకి ఆరె పట్టుకోవడం వచ్చా? అదీ తీసెయ్.

నీకు ఆ దేశంలో ఎంత అదృష్టం ఉందో నీకు తెలియడం లేదమ్మా. 1881 ఏప్రిల్ 3 రాత్రి మీ పెద్దాయన ఇంట్లో ఎవరెవరున్నారో పేర్లతో చూడొచ్చు. అదే ఏడాది ఫిబ్రవరి 17న మన దగ్గరా లెక్కలు తీశారు. మనకి మిగిలింది జిల్లాకి ఇంతమంది, తాలూకాకి ఇంతమంది అనే పట్టికలు. మా తాత తండ్రి ఆ అంకెల్లో ఎక్కడో ఒకటై ఉన్నాడు. ఆయన ఏం పని చేసేవాడో ఇంట్లో ఒక్కొక్కళ్ళు ఒక్కోటి చెబుతారు. నీకు పదేళ్ళకోసారి ఒక గడి ఉంది, అందులో మాట మారుతోంది, అయినా నువ్వు కిటికీ వైపు చూస్తున్నావు.

ఏ పత్రికకి పంపాలి, 'నేను' అని రాయాలా వద్దా అని ఇంకా ఏవేవో అడిగావు. పత్రికల గురించి నన్ను అడగకపోవడమే నీకు మంచిది.

ముందు ఒక పని చెయ్. ఆ లెస్టర్ పిల్లాడి జనన సర్టిఫికెట్ తెప్పించు. జనరల్ రిజిస్టర్ ఆఫీసు వాళ్ళ ఇండెక్స్‌లో తల్లి పుట్టింటి పేరు కూడా ఉంటుంది కాబట్టి, అదే పేరున్న ఇంకో పిల్లాడితో పొరబడవు. అందులో పుట్టిన చోటు ఉంటుంది, ఎవరు చెప్పి రాయించారో ఉంటుంది, తండ్రి వృత్తి ఉంటుంది. అది చేతికి వచ్చేదాకా కొత్త అధ్యాయం మొదలుపెట్టకు. రాగానే తండ్రి వృత్తి గడిలో ఏం రాశారో ఫోన్‌లో ఒక మెసేజ్ పెట్టు. అక్కడ అర్ధరాత్రి అయినా, ఇక్కడ తెల్లవారుజాము అయినా ఫర్వాలేదు. నాకూ ఆత్రంగానే ఉంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు