రెండు కిలోమీటర్ల వర్షారణ్య బాటకు గంటకు పైగా ఎందుకు?

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో ఉన్న లామింగ్టన్ జాతీయ వనంలో, బయలుదేరిన చోటికే తిరిగి చేర్చే రెండు మూడు కిలోమీటర్ల బాటకు అంత సమయం ఎందుకని అడిగారు. నేల తడిగా ఉంటుంది, వేర్లు దారికి అడ్డంగా పాకి ఉంటాయి. అసలు కారణం మాత్రం, అక్కడ తలెత్తి చూడవలసినవి చాలా ఉండటం. 1986లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన గోండ్వానా వర్షారణ్యాల్లో ఇదొక భాగం.

ముఖ్యంగా అక్కడి మర్రి జాతి చెట్లను చూడండి. పక్షి రెట్టలోని విత్తనం ఎత్తైన కొమ్మ మీద మొలుస్తుంది. వేర్లు నేలకు దిగి, ఒకదానితో ఒకటి అతుక్కుని, ఆశ్రయమిచ్చిన మానును బిగిస్తాయి. ఏళ్లు గడిచాక ఆ మాను చచ్చి కుళ్లిపోతే, చుట్టూ అల్లుకున్న వేర్లే బోలు స్తంభంలా నిలబడతాయి. నాకు ఆ అడవిలో అన్నిటికన్నా అద్భుతం అదే.

చెట్టు కూలి వెలుతురు పడిన చోట, గుండె ఆకారపు పెద్ద ఆకులున్న మొక్కలను అసలు తాకకండి. వాటి సన్నని నూగు గాజుముళ్లలా చర్మంలో దిగుతుంది. నొప్పి రోజుల తరబడి వేధిస్తుంది. రుద్దితే నూగు విరిగి లోపలే ఉండిపోతుంది. రోమాలు తీసే మైనపు పట్టీతో లాగేయాలి.

వాన పడితే జలగలు తప్పవు. పొడవు మేజోళ్లు వేసుకోండి. పట్టుకున్న జలగను గోటితో పక్కకు నెట్టితే ఊడుతుంది. దాని లాలాజలం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు కాబట్టి గాయం కాసేపు కారుతుంది, కంగారు అక్కర్లేదు.