మట్టి పరీక్షలో సేంద్రియ కర్బనం 0.3 శాతం వచ్చింది, ఎన్ని ట్రిప్పుల పెంట తోలితే 0.75 అవుతుంది?

ట్రిప్పుల్లో అడిగారు కాబట్టి ముందు ఆ లెక్క తేల్చేస్తాను. ఎకరం నేలలో పైన 15 సెంటీమీటర్ల మట్టి దాదాపు 900 టన్నులు తూగుతుంది. 0.3 నుంచి 0.75కు పోవాలంటే అందులో ఇంకో 4 టన్నుల కర్బనం నిలవాలి. ట్రాలీ పెంట 3 టన్నులు అనుకుంటే సగం నీళ్లే. మిగిలిన దాంట్లో మట్టి, బూడిద పోను కర్బనం నాలుగు క్వింటాళ్లు ఉంటే గొప్ప. అంటే పది ట్రిప్పులు. కానీ అదంతా నేలలో ఉండదు కదా. మన ఎండలకు సూక్ష్మజీవులు దాన్ని తిని, చాలా భాగం కార్బన్ డయాక్సైడ్‌గా గాల్లోకి వదిలేస్తాయి. ఐదో వంతు నిలిచిందనుకున్నా ఎకరానికి యాభై ట్రిప్పులు. ఊళ్లో బర్రెలన్నీ మీ ఇంటి ముందే కట్టేసినా తేలదు.

ఇంకో మాట. ఆ 0.3 మీద మీకు నమ్మకం ఉందా? మాది జనగామ వైపు, నాలుగెకరాల ఎర్ర చెల్క, అంటే తేలిక నేల. మట్టి పరీక్ష చేసి ఇచ్చిన మొదటి కార్డులో 0.31 వచ్చింది. రెండేళ్లకు ఇంకో కార్డు ఇచ్చారు, అందులో 0.62! మా బాపు ఆ కార్డును నలుగురికీ చూపించాడు. తర్వాత నాకు డౌట్ వచ్చి అడిగితే తెలిసింది, మట్టి తీసిన పిల్లగాడు ఎండకు లోపలికి నడవలేక బాట పక్కనే తవ్వాడట. ఎక్కడ? నిరుటి దాకా మా పెంటకుప్ప ఉన్న చోట! పొలంలో ఎనిమిది, పది చోట్ల వి ఆకారంలో గుంట తీసి, మట్టి అంతా కలిపి, అందులోంచి అరకిలో పంపాలి. గట్ల మీద, చెట్ల కింద, కుప్పలు పోసిన చోట తీయొద్దు. ఆ పని మీరే చేసుకోండి, గంట పడుతుంది.

అసలు చెప్పాలనుకున్నది గొర్ల మంద గురించి. 2019 ఎండాకాలంలో పాలమూరు నుంచి వచ్చిన మంద మా ఊరి చెరువు కింద దిగింది. నాలుగు వందల గొర్లు. పెంటికలు, మూత్రం నేలలోనే పడేలా మందను మా పొలంలో పడుకోబెడితే రాత్రికి వెయ్యి రూపాయలు, మనుషులకు బియ్యం ఇచ్చేట్టు మాట్లాడుకున్నాం. రోజూ పొద్దుగూకాక వల కట్టి మందను అందులోకి తోలేవాళ్లు, మర్నాడు వల ముందుకు జరిపేవాళ్లు. మొదటి రాత్రి నేనూ అక్కడే పడుకున్నాను. నిద్ర పట్టలేదనుకోండి, గొర్రె దగ్గితే ముసలి మనిషి దగ్గినట్టే ఉంటుంది. పెద్దమనిషి ఒకాయన మాత్రం గొంగడి కప్పుకొని, "పిలగా, పెంట తోలితే మీరు మోయాలె, మందైతే అదే నడ్సుకుంట వస్తది" అన్నాడు. నాలుగు రాత్రుల్లో ఎకరంన్నర అయింది. ఐదో రోజు ఇంకో ఊరి రైతు ఎక్కువ ఇస్తానన్నాడని వెళ్లిపోయారు. నేను బేరమాడకుండా ఉండాల్సింది.

ఆ ఏడు మక్క వేశాం. ఆగస్టులో ఇరవై రోజులు వాన లేదు. మంద పడుకోని చోట మక్క ఆకులు పొద్దున పదింటికే సురుళ్లు చుట్టుకునేవి. మంద పడుకున్న చోట మధ్యాహ్నం దాకా విచ్చుకునే ఉండేవి. మధ్యలో గీత గీసినట్టు తేడా. మా పక్క పొలం మామ గట్టు మీద నిలబడి చూసి, "అది గొర్ల మూత్రం అల్లుడూ, యూరియా ఏసినట్టే" అన్నాడు. మొదటి ఏడు అదే అయ్యుండొచ్చు. కానీ మూడో ఏడు కూడా ఆ ముక్కలో దుక్కి మెత్తగా వచ్చింది, ట్రాక్టరు డ్రైవరే చెప్పాడు. మూత్రం మూడేళ్లు ఉంటుందా? నా మటుకు నాకు అది కర్బనమే, పరీక్షలు ఏం చెప్పినా సరే.

పోసేది పక్కన పెట్టి, పొలంలోంచి ఏటా ఎంత బయటికి పోతోందో చూడండి. మా దగ్గర పత్తి కట్టె ఎకరానికి టన్ను దాకా వస్తుంది. ఏటా ఫిబ్రవరిలో కుప్పేసి అంటించేవాళ్లం. కట్టెలో గులాబీ పురుగు ఉంటుందని బాపు వాదన. అది నిజమే, కట్టెను పొలంలో అలాగే నిలబెట్టొద్దు. అయితే ముక్కలు చేసే మిషన్ కిరాయికి తెచ్చి నేలలో కలిపినా పురుగు చస్తుంది. మొదటిసారి కిరాయి డబ్బులు నా జేబులోంచే ఇచ్చాను, బాపు ఒక్క రూపాయి తీయలేదు. వరి వాళ్లది ఇంకో కథ. కోత మిషన్ వెళ్లిన మర్నాడే కొయ్యకాళ్లకు నిప్పు. నిరుడు ఎవరో అంటించిన మంట మా డ్రిప్ పైపుల మీదికి వచ్చి రెండు కట్టలు కాలిపోయాయి. అడిగితే "గాలి మళ్లింది" అన్నారు.

మధ్యలో కార్బన్ క్రెడిట్లంటూ, అంటే నేలలో కర్బనం నిలిపితే డబ్బులు వస్తాయంటూ, ఒకతను టాబ్ పట్టుకొని వచ్చాడు. ఎకరానికి ఎంత వస్తుందంటే, ముందు ఆధార్ ఇవ్వమన్నాడు. చాయ్ తాగించి పంపించాం.

మీది నల్లరేగడి అయితే నాకంటే మీ పని తేలిక, ఆ బంకమట్టి కర్బనాన్ని పట్టుకుంటుంది. చెల్కలో 0.75 కోసం పంతం పట్టకండి. మక్కలో కంది సాళ్లు వేసుకోండి, రాలిన ఆకు అంతా నేలకే. రోహిణి కార్తెలో వాన పడితే జనుము చల్లి, పూత మీద ఉండగానే నేలలో కలిసేలా దున్నేయండి. పోయిన ఏడాది నేనే నడిచి, నాలుగెకరాల్లో పది చోట్ల తీసి పంపిన మట్టికి 0.42 వచ్చింది. బాపు కార్డు తిప్పి చూసి, "పాతదాంట్ల 0.62 ఉండె గదరా, తగ్గిచ్చినవా?" అన్నాడు.

మంద మాత్రం ఇప్పుడు దొరకడం కష్టం. బోర్లు, కాలువలు వచ్చాక చుట్టూ యాసంగి వరే, గొర్లు నడవడానికి బీడు లేదు. మీ వైపు ఇంకా వస్తుంటే సంక్రాంతి అప్పుడే ఫోన్ నంబరు తీసుకొని పెట్టుకోండి, రాత్రికి ఓ రెండు వందలు ఎక్కువే చెప్పండి.