అక్కయ్య జవాబులు: పిల్లల హోమ్‌లో సేవ అంటే

(పశ్చిమ కెన్యాలో, విక్టోరియా సరస్సుకు దగ్గర్లోని ఒక పిల్లల హోమ్‌లో భర్తతో కలిసి సేవ చేస్తున్న మన తెలుగు అక్కయ్య ఈ నెల పాఠకుల ఉత్తరాలకు జవాబులిస్తున్నారు.)

ప్రశ్న: అక్కయ్య గారికి వందనాలు. మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసింది. ఆఫ్రికాలో అనాథ పిల్లల మధ్య సేవ చేస్తానంటోంది. మాకు భయంగా ఉంది. అక్కడ రోజు ఎలా గడుస్తుందో దాచకుండా చెప్పండి.
– ఒక తల్లి, భీమవరం

జవాబు: వందనాలమ్మా. మీ అమ్మాయి మనసులో ఈ భారం పెట్టిన దేవునికి స్తోత్రం. మీ భయమూ నాకు అర్థమవుతుంది. ఉన్నదున్నట్టే చెబుతాను.

భూమధ్యరేఖ పక్కనే కాబట్టి ఇక్కడ ఏడాది పొడుగునా ఆరున్నర ప్రాంతంలోనే తెల్లారుతుంది. మేం అంతకు చాలా ముందే లేస్తాం. కరెంటు ఉంటే మోటారు వేస్తాం, లేకపోతే వాన నీళ్ళ ట్యాంకు దగ్గర జెర్రీక్యాన్లు నింపి మోసుకుంటాం. పిల్లల్ని పెంచే ఇక్కడి ఆడవాళ్ళను అందరం 'మామా' అంటాం. ఆ వేళకే వాళ్ళు ఉజి కాస్తుంటారు, మన రాగి జావే అది. పిల్లలు అది తాగి మసక చీకటిలోనే బడికి వెళ్తారు. మధ్యాహ్నం గిథేరి, అంటే మొక్కజొన్న గింజలూ చిక్కుడు గింజలూ కలిపి ఉడికించినది. రాత్రికి ఉగాలి, సుకుమా వికీ అనే ఆకుకూర. ఉగాలి తెల్ల మొక్కజొన్న పిండితో చేసే గట్టి సంకటి. అప్పుడప్పుడు సరస్సులో పట్టే ఒమెనా అనే చిన్న చేపలు వండుతారు. నెత్తళ్ళు తిని పెరిగిన మన గోదావరి పిల్లకి అది కొత్తేమీ కాదు. చపాతీ మాత్రం క్రిస్మస్‌కే, ఆ రోజు కోసం పిల్లలు నెలల ముందు నుంచే మాట్లాడుకుంటారు.

నర్సు కాబట్టి రాత్రుల సంగతి వివరంగా చెప్పాలి. సరస్సు చుట్టుపక్కల మలేరియా ఎక్కువ, దోమతెరలు కట్టినా వస్తుంది. అర్ధరాత్రి ఏ మామానో తలుపు కొట్టి పిల్లకి ఒళ్ళు కాలిపోతోందంటుంది. వేలు గుచ్చి, కిట్ మీద రక్తపు చుక్క వేసి, పావుగంట ఆగాలి. రెండో గీత పడితే మలేరియా ఉన్నట్టే, ఆర్టెమెథర్, లూమెఫాంట్రిన్ కలిసిన బిళ్ళలు వేయాలి. కాస్త కొవ్వున్నది ఏదైనా కడుపులో పడితేనే ఆ మందు ఒంటికి బాగా పడుతుంది, అందుకని ఆ వేళప్పుడు పాలు కాచాలి. రెండో మోతాదు ఎనిమిది గంటల తర్వాత, మొత్తం మూడు రోజుల్లో ఆరు మోతాదులు. ఫిట్స్ వచ్చినా, మందు కడుపులో నిలవకపోయినా ఇంకేం ఆలోచించకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. చాలాసార్లు రెండో రోజుకే పిల్ల లేచి ఆడుకుంటుంది. అప్పుడు మిగతా బిళ్ళలు మింగించడానికి వెంటపడటం ఉంది చూశారూ, అసలు నర్సింగ్ అక్కడే.

తల్లి నుంచి హెచ్ఐవి సోకిన పిల్లలూ మా దగ్గర ఉన్నారు. రోజూ ఒకే వేళకి మందు పడాలి. ఇదివరకు పసివాళ్ళకి చేదు సిరప్ పట్టాల్సివచ్చేది, వాళ్ళు ఉమ్మేసేవారు. ఇప్పుడు నీళ్ళలో కరిగే డోలుటెగ్రావిర్ బిళ్ళ వచ్చింది, స్ట్రాబెరీ రుచి. గ్లాసు అడుగున మిగిలింది కూడా నీళ్ళు పోసి తాగేస్తున్నారు. పెద్దపిల్లల సీసాల మీద తయారీ ఊరు చూస్తే చాలాసార్లు హైదరాబాదే ఉంటుంది. అది చూసినప్పుడల్లా నాకు ప్రాణం లేచి వస్తుంది. కానీ పదేళ్ళ పిల్ల "నాకొక్కదానికే ఎందుకు?" అని అడిగితే ఎంత చెప్పాలో, ఎలా చెప్పాలో క్లినిక్ కౌన్సిలర్ పక్కన కూర్చుని నేర్చుకోవాలి. వాక్యం తెలిసినంత మాత్రాన ఆ మాటలు రావు.

రాత్రి ప్రార్థన అరగంటే. డప్పు కొట్టి స్వాహిలీలో, ఇక్కడివాళ్ళ లువో భాషలో పాడతారు. ఎంత అలసిపోయినా నేను మానను.

కాగితాల పని మీరు ఇప్పుడే మొదలుపెట్టండి. మతపరమైన, ధార్మిక సేవకి కెన్యా ఇచ్చే వర్క్ పర్మిట్ 'క్లాస్ ఐ'. అది చేతికి రాకుండా విజిటర్‌లా వచ్చి పనిచేయకూడదు. ఇక్కడి నర్సింగ్ కౌన్సిల్ ఒప్పుకోకుండా సూది వేయకూడదు. పోలీసు క్లియరెన్స్ అడగని హోమ్ అయితే మీ అమ్మాయిని పంపకండి, పిల్లల భద్రత పట్టనివాళ్ళన్నమాట. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించాలి. ఆ కార్డు లేకుండా కెన్యా నుంచి తిరిగి వస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి క్వారంటైన్‌లో పెడతారు.

ప్రశ్న: అక్కా, మనం తెల్లవాళ్ళం కాదు కదా. మనల్ని అక్కడివాళ్ళు మిషనరీలుగా ఒప్పుకుంటారా?
– యువ సేవకుడు, నెల్లూరు

జవాబు: తమ్ముడూ, 1903లోనే తెలుగు బాప్టిస్టులు తమ సొంత కానుకలతో జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కి పంపారు. అక్కడి తేయాకు, చెరుకు తోటల్లో పనిచేసే తెలుగు కూలీల మధ్య ఆయన సంఘాలు కట్టారు. కాబట్టి మనం కొత్తగా దారి వేయనక్కర్లేదు.

అయితే ఆయన వెళ్ళింది తన భాషవాళ్ళ దగ్గరికి. కెన్యాలో నిన్ను చూడగానే 'ముహిందీ' అంటారు, అంటే ఇండియా మనిషి అని. 1896లో మొదలైన రైల్వే పనికి మనవాళ్ళని ఇక్కడికి తెచ్చారు, తర్వాత ఎందరో దుకాణాలు పెట్టారు. 2017లో ప్రభుత్వం ఆసియా మూలాలవాళ్ళని దేశంలో 44వ తెగగా గుర్తించింది కూడా. అయినా పల్లెల్లో ముహిందీ అంటే షావుకారే, జీతమిచ్చే యజమానే. నేను కొత్తగా వచ్చినప్పుడు వంటగదిలోకి అడుగుపెడితే మామాలు లేచి నిలబడేవారు. వాళ్ళతో కూర్చుని మొక్కజొన్న కండెలు ఒలుస్తూ, వచ్చీరాని స్వాహిలీ మాట్లాడుతూ ఉండగా మెల్లగా ఆ దూరం తగ్గింది. ఇంకోటి, మా హోమ్‌కి పెద్ద కెన్యా ఆవిడే. నాకు సెలవు కావాలంటే ఆవిడని అడగాలి. అలాంటి చోటే వెతుక్కో.

ప్రశ్న: మా సంఘ యౌవనస్థులం పదిమందిమి వేసవిలో పది రోజులు మీ దగ్గరికి వచ్చి పిల్లలతో గడపాలనుకుంటున్నాం. బొమ్మలు, బట్టలు తెస్తాం.
– యూత్ లీడర్, విజయవాడ

జవాబు: మీ ప్రేమని కాదనను తమ్ముళ్ళూ. కానీ వద్దు.

గేటు తీయగానే ముక్కూమొహం తెలియని మనిషి ఒళ్ళోకి ఎక్కే పసివాడిని చూసి వచ్చినవాళ్ళు మురిసిపోతారు, ఫొటో తీసుకుంటారు. ఇంట్లో పెరిగే పిల్ల కొత్తమనిషిని చూస్తే తల్లి చెంగు చాటుకి పోతుంది. వీడు అందరి దగ్గరికీ పోతున్నాడంటే, తనవాళ్ళెవరో వాడికి తెలియడం లేదని. పది రోజులు ఎత్తుకు తిరిగి మీరు వెళ్ళిపోయాక వాడు రాత్రిళ్ళు పక్క తడుపుతాడు. ఆ దుప్పట్లు ఉతికేది మామాలు.

పైగా అనాథ అనుకునే పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. తిండికి, ఫీజులకి లేక వదిలారు. పేదరికం ఒక్కటే కారణంగా పిల్లల్ని ఇంటికి దూరం చేయకూడదని ఐక్యరాజ్యసమితి 2009లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. కెన్యా కూడా 2022లో కొత్త పిల్లల చట్టం చేసి, పదేళ్ళలో పిల్లల్ని హోమ్‌ల నుంచి కుటుంబాలకు చేర్చాలని ప్రణాళిక వేసుకుంది. నాకిది ప్రభుత్వం చెప్పిందని చేసే పని కాదు, మనస్ఫూర్తిగా నమ్మిన పని. మా హోమ్ ఖాళీ అవ్వాలనే రోజూ ప్రార్థిస్తాను.

ఒక పిల్లవాడి నాయనమ్మ కోసం సోషల్ వర్కర్‌తో కలిసి మటాటూ వ్యానులో, ఆపైన మోటార్‌సైకిల్ మీద వెళ్ళాం. "వాడిని నేనెప్పుడు వద్దన్నాను? నా ఇల్లు కారుతోంది, వాడిని ఎక్కడ పడుకోబెట్టను?" అందావిడ. పిల్లల అధికారి అనుమతితో రేకులు కప్పించాం, మంచం, దోమతెర ఇచ్చాం, రెండు మేకలు కొన్నాం. ముందు శనివారాలు పంపాం, తర్వాత సెలవులకి, ఆ తర్వాత పూర్తిగా. ఇప్పటికీ నెలనెలా వెళ్ళి చూసి వస్తాం. దిక్కులేని పిల్లల్ని పరామర్శించమనే బైబిల్ వాక్యం, యాకోబు 1:27, మనకి కంఠతా వచ్చు. అక్కడ దిక్కులేని పిల్లల పక్కనే విధవరాండ్రు కూడా ఉన్నారు. ఈ నాయనమ్మ విధవరాలే.

పదిమంది విమానం టిక్కెట్లకి ఎంతవుతుందో లెక్కవేయండి. అందులో కొంత పంపినా ఇలాంటి ఇళ్ళు చాలా నిలబడతాయి. డబ్బు వ్యక్తుల పేరున పంపకండి, విదేశాలకి పంపే పద్ధతి ముందు మీ సంఘ ఆడిటర్‌ని అడగండి. ఖర్చు లెక్క మేం రాసి పంపుతాం, పిల్లల ఫొటోలు మాత్రం అడగొద్దు. మీలో నర్సింగో, వడ్రంగమో, అకౌంట్సో వచ్చి, కనీసం రెండేళ్ళు ఉండగలవాళ్ళుంటే విడిగా ఉత్తరం రాయండి.